మడుగులో వెలసిన స్టేడియం: 83 ఏళ్ళ ముచ్చట

పటకెట్ అనే ఊరి పేరు మన జిల్లాలో విన్నవారు బహుశా ఉండరు. అమెరికాలో అన్నిటికంటే చిన్న రాష్ట్రమైన రోడ్ ఐలండ్‌లో అదొక చిన్న నగరం. జనాభా సుమారు 75 వేలు. మన లెక్కలో ఒక మోస్తరు మునిసిపాలిటీ. ఆ ఊరికి మెకాయ్ స్టేడియం అని ఒక బేస్‌బాల్ స్టేడియం ఉండేది. 1942లో ఆటకు తెరిచిన ఆ స్టేడియాన్ని 2025లో కూలగొట్టారు. ఆ స్థలాన్ని హైస్కూలుకు కేటాయించారు.

ఎక్కడో అమెరికాలో ఒక స్టేడియం కూలితే మనకేమిటి అని పాఠకులు అడగవచ్చు. అడగవలసిందే. కానీ ఊరుమ్మడి స్థలం ఎవరికి ఉపయోగపడాలి, దానిమీద ఊరి సొమ్ము ఎంత ఖర్చు పెట్టాలి, వ్యాపారి వచ్చి ఇంకా కావాలంటే ఎంతవరకు ఇవ్వాలి అనే తగువు మన పంచాయతీల్లో లేనిదా? సంత స్థలం దగ్గర, హైస్కూలు మైదానం దగ్గర మనం పడే తగువునే పటకెట్ ప్రజలు 83 ఏళ్ళ పాటు పడ్డారు. మధ్యలో ప్రపంచంలో ఎక్కడా జరగని ఒక ఆటను కూడా చూశారు.

పత్తి మిల్లుల ఊరు

పత్తి పండించే మన రైతులు తెలుసుకోదగిన చరిత్ర ఈ ఊరికి ఉంది. శామ్యూల్ స్లేటర్ అనే యువకుడు ఇంగ్లండులో నూలు మిల్లులో పని నేర్చాడు. ఆ రోజుల్లో యంత్రాల నమూనాలు దేశం దాటించడం ఇంగ్లండులో నేరం. అందుకని కాగితం ముక్క వెంట తెచ్చుకోకుండా, లెక్కలన్నీ బుర్రలో పెట్టుకుని అమెరికా ఓడ ఎక్కాడు. 1790లో పటకెట్‌లో నీటి చక్రం బలంతో నూలు వడికే యంత్రాలు తిప్పించాడు. 1793లో కట్టిన మిల్లు భవనం బ్లాక్‌స్టోన్ నది ఒడ్డున నేటికీ నిలిచి ఉంది. అమెరికాలో మరనూలు పరిశ్రమకు అదే పురిటిగది.

ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఊరు మిల్లుల మీదే బతికింది. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి కూలి చవకగా దొరికే దక్షిణాది రాష్ట్రాలకు మిల్లులు ఒక్కొక్కటే తరలిపోసాగాయి. దానికి తోడు 1929లో ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. పని లేక కూలీలు రోడ్డున పడ్డారు. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నిరుద్యోగులకు పని కల్పించేందుకు పెద్ద పథకం పెట్టింది. రోడ్లు, వంతెనలు, బళ్ళు, ఆటస్థలాలు కట్టించి, కట్టినవారికి కూలి ఇచ్చింది. మన కరువు పనులు, పనికి ఆహార పథకం, నేటి ఉపాధి హామీ వంటిదే అనుకోవచ్చు. తేడా ఏమిటంటే మనకు చెరువు పూడికతీత ఎక్కువ, వారికి కట్టడాలు ఎక్కువ.

మేయరు పంతం

1937 నుంచి పటకెట్ మేయరుగా ఉన్న శ్రీ టామస్ మెకాయ్ గట్టి మనిషి. ఊరి రాజకీయమంతా ఆయన గుప్పిట్లో ఉండేది. కేంద్రం ఇచ్చే ఉపాధి సొమ్ముతో ఊరికి ఒక పెద్ద స్టేడియం కట్టించాలని ఆయన తలపెట్టారు. అందుకు ఎంచుకున్న స్థలం హామండ్ మడుగు. పేరుకు తగ్గట్టే నీరు నిలిచే చిత్తడి నేల.

మెరక చేలు ఉండగా మడుగులో కట్టడమేమిటని అప్పుడే చాలామంది నవ్వారు. మడుగులో కట్టడం అంటే ఏమిటో ఇల్లు కట్టినవారికి చెప్పనక్కరలేదు. పునాది కోసం గుంజలు దించుతూనే ఉండాలి, మట్టి పోస్తూనే ఉండాలి. పోసిందల్లా నేల మింగేస్తుంది. పనికి తెచ్చిన బండ్లు కూడా ఆ బురదలో దిగబడి మళ్ళీ పైకి రాలేదని ఊళ్ళో ఒక కథ తరతరాలుగా చెప్పుకున్నారు. నిజమెంతో గాని, ఖర్చు మాత్రం అంచనాలు మించి పది లక్షల డాలర్లు దాటిపోయింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద సొమ్ము. ‘మెకాయ్ గారి తెలివితక్కువ’ అని ప్రత్యర్థులు దానికి పేరు పెట్టారు.

1940 నవంబరులో శంకుస్థాపన జరిగింది. 1942 నాటికి ఆట మొదలైంది. అప్పటికి అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. మేయరు 1945లో మేయరుగా ఉండగానే కన్నుమూశారు. 1946లో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఎగతాళికి వాడిన పేరే చివరకు గోడమీదికి ఎక్కింది.

ఆట సంగతి

ఇక్కడ బేస్‌బాల్ గురించి నాలుగు మాటలు చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. క్రికెట్ తెలిసినవారికి కష్టం లేదు. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు గుండ్రని కర్రతో కొడతాడు. బంతి నేలకు తగలకుండానే రావాలి. మైదానంలో చతురస్రంగా నాలుగు మజిలీలు ఉంటాయి. వాటినే బేస్‌లు అంటారు. కొట్టినవాడు నాలుగూ చుట్టి వస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే ఆ జట్టు వంతు అయిపోయి రెండో జట్టు వంతు వస్తుంది. రెండు జట్ల వంతులూ కలిపి ఒక ఇన్నింగ్స్. అలాంటివి తొమ్మిది. సాధారణంగా మూడు గంటల్లో ఆట ముగుస్తుంది.

అసలు కిటుకు చివర్లో ఉంది. తొమ్మిది అయ్యాక పరుగులు సమానంగా ఉంటే సమమైందని ఇంటికి పోరు. పదో ఇన్నింగ్స్ ఆడతారు. అప్పటికీ తేలకపోతే పదకొండు, పన్నెండు. ఎవరో ఒకరు గెలిచేదాకా ఆట నడవాలి. చిన్నప్పుడు మా ఊళ్ళో గోడుంబిళ్ళ ఆడితే చీకటి పడ్డాక అమ్మ వచ్చి చెవి పట్టుకుంటే గాని ఆట ఆగేది కాదు. ఇదీ అంతే, కాకపోతే అక్కడ చెవి పట్టుకునేవారు లేరు.

ఇంకొక సంగతి. అక్కడ పెద్ద నగరాల జట్లు పెద్ద లీగులో ఆడతాయి. వాటి కింద చిన్న ఊళ్ళలో మెట్లు మెట్లుగా చిన్న జట్లు ఉంటాయి. కుర్రవాళ్ళు అక్కడ ఆడి, రాణిస్తే పైకి వెళతారు. నారుమడి నుంచి పొలానికి నారు పోయినట్లన్న మాట. పటకెట్ అటువంటి నారుమడి.

అద్దెకు వచ్చి పోయిన జట్లు

మెకాయ్ స్టేడియంలో 1946 నుంచి 1949 వరకు ‘స్లేటర్స్’ అనే జట్టు ఆడింది. మిల్లు పెట్టిన స్లేటర్ పేరే జట్టు పేరు. బోస్టన్ బ్రేవ్స్‌కు అది అనుబంధ జట్టు. అదే లీగులో నాషువా అనే ఊరి జట్టు తరఫున 1946లో రాయ్ కాంపనెల్లా, డాన్ న్యూకోంబ్ అనే నల్లజాతి యువకులు ఆడారు. తెల్లవారితో కలిసి ఒకే జట్టులో నల్లవారు ఆడడం ఆ దేశంలో అప్పటికి చాలా పెద్ద వింత. 1949తో లీగే మూతపడింది.

తరువాత పదహారేళ్ళు స్టేడియానికి సొంత జట్టు లేదు. స్కూలు పిల్లల పోటీలు, ఊరి కుర్రాళ్ళ ఆటలు జరిగేవి. 1966, 67లలో క్లీవ్‌లండ్ వారి అనుబంధ జట్టు వచ్చి ఆడి వెళ్ళిపోయింది. 1970లో సుమారు 65 కిలోమీటర్ల దూరంలోని బోస్టన్ నగరపు రెడ్ సాక్స్ వారి అనుబంధ జట్టు వచ్చింది. 1973లో దానికి పెద్ద లీగుకు ఒక్క మెట్టు కింది హోదా దక్కింది. జనం ముద్దుగా ‘పాసాక్స్’ అని పిలుచుకున్నారు.

జట్టు బాగానే ఆడింది గాని డబ్బు రాలేదు. యజమానులు మారారు. అప్పులు పెరిగాయి. 1976 సీజను ముగిసేసరికి సంస్థ దివాలా తీసింది. స్టేడియం కూడా పాడుపడినట్లే ఉండేది. మేయరును ఎగతాళి చేసినవారి మాటే నిజమైందని చాలామంది అనుకున్నారు.

మిల్లు వ్యాపారి చేతి చలువ

1977 జనవరిలో శ్రీ బెన్ మోండర్ అనే రిటైరైన మిల్లు వ్యాపారి ఆ దివాలా జట్టును తీసుకున్నారు. కెనడాలోని క్విబెక్‌లో పుట్టి, పటకెట్‌కు ఎగువనున్న వూన్‌సాకెట్ అనే మిల్లుల ఊళ్ళో పెరిగిన మనిషి. ఆయనకు బేస్‌బాల్ వ్యాపారం కొత్త. కానీ కార్మికుల కుటుంబం జేబులో ఎంత ఉంటుందో బాగా తెలుసు.

ఆయన చేసిన పని చాలా సాదా. స్టేడియం శుభ్రం చేయించారు. తాగి అల్లరి చేసేవారిని అదుపు చేశారు. టికెట్టు ధర పెంచకుండా పట్టుదలగా ఉన్నారు. భార్యాపిల్లలతో వచ్చి, తిని, ఆట చూసి, రాత్రికి ఇల్లు చేరేందుకు వీలైన చోటుగా దాన్ని మార్చారు. 1977లో సీజను మొత్తానికి సుమారు 70 వేల మంది వచ్చారు. 2005లో వచ్చినవారు 6 లక్షల 88 వేల మంది. అంటే ఊరి జనాభాకు తొమ్మిది రెట్లు. మధ్యలో 1998-99లో సుమారు కోటీ 60 లక్షల డాలర్లతో స్టేడియాన్ని విస్తరించి 10 వేల మందికి చోటు కల్పించారు.

శ్రీ మోండర్ 2010లో 85వ ఏట చనిపోయారు. 33 ఏళ్ళ పాటు ఆ జట్టును పట్టుకుని ఉన్నారు.

గాలం వేసి సంతకం పట్టేవారు

పిల్లలకు ఆ స్టేడియంలో ఆటకంటే ఇష్టమైన సరదా ఒకటి ఉండేది. మామూలుగా బేస్‌బాల్ మైదానాల్లో ఆటగాళ్ళు కూర్చునే చోటు ప్రేక్షకుల ముందు ఉంటుంది. పిల్లలు దగ్గరకు పోయి సంతకం అడుగుతారు. మెకాయ్‌లో మాత్రం ఆ చోటు ప్రేక్షకుల గ్యాలరీ అడుగున, నేల మట్టంలో ఉంది. పైనున్న పిల్లలకు కిందివారి తలలు కూడా కనిపించవు.

ఆ పిల్లలు ఒక ఉపాయం కనిపెట్టారు. ఖాళీ పాల డబ్బానో, సోడా ప్లాస్టిక్ సీసానో పక్కన కోసి, అందులో ఒక బంతి, ఒక కలం పెట్టి, తాడు కట్టి పైనుంచి కిందికి వదిలేవారు. బావిలో చేద దించినట్లు. కిందనున్న ఆటగాడు బంతి తీసి సంతకం చేసి మళ్ళీ డబ్బాలో పెట్టేవాడు. తాడు కదలగానే పైకి లాగడం. దీన్ని వాళ్ళు ‘చేపలు పట్టడం’ అనేవారు. ఒకరి తాడు మరొకరి తాడుకు చిక్కుపడి పోట్లాటలు కూడా జరిగి ఉంటాయి, పిల్లలు కదా. జిమ్ రైస్, వేడ్ బాగ్స్, రోజర్ క్లెమెన్స్ వంటి ఆటగాళ్ళు పెద్దవారు కాకముందు ఆ మైదానంలో ఆడినవారే. అప్పట్లో చేద దించిన పిల్లలకు ఎవరు ఎంతవారవుతారో తెలియదు.

కట్టడంలోని లోపమే ఆ ఊరికి ప్రత్యేకత అయింది. ఇంజనీరు తెలివిగా కట్టి ఉంటే ఈ సరదా ఉండేది కాదు.

తెల్లవారినా తేలని ఆట

ఇప్పుడు అసలు కథ. 1981 ఏప్రిల్ 18. శనివారం. మర్నాడు ఈస్టర్ పండుగ. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ జట్టు పటకెట్ వచ్చింది. చలి, ఈదురుగాలి. దీపాలు సరిగా వెలగక ఆట అరగంట ఆలస్యంగా రాత్రి 8 గంటలకు మొదలైంది. వచ్చిన జనం 1,740.

ఏడో ఇన్నింగ్స్‌లో రాచెస్టర్‌కు ఒక పరుగు వచ్చింది. తొమ్మిదోదానిలో పటకెట్ సమం చేసింది. ఇంకొక పరుగు వచ్చి ఉంటే ఆట అక్కడితో సరి. రాలేదు. పది, పదిహేను, ఇరవై. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. 21వ ఇన్నింగ్స్‌లో రాచెస్టర్ ఒక పరుగు తీసింది. హమ్మయ్య అనుకునే లోపల పటకెట్ తరఫున వేడ్ బాగ్స్ బలంగా కొట్టి మళ్ళీ 2-2 చేశాడు. సొంత జట్టువారే అతణ్ణి కౌగిలించుకోవాలో కొట్టాలో తెలియని స్థితిలో ఉన్నారట.

గాలి మైదానం లోపలికి వీస్తోంది. గోడ దాటవలసిన బంతులను కూడా వెనక్కి నెట్టేసింది. ఆటగాళ్ళు విరిగిన కర్రలను మంట వేసి చలి కాచుకున్నారు. బేస్‌బాల్ కర్ర చెక్కతో చేసింది కాబట్టి బాగానే మండింది.

నిజానికి ఆ లీగులో అర్ధరాత్రి దాటాక ఒక వేళకు ఆట ఆపాలనే నియమం ఉంది. కానీ ఆ ఏడాది అంపైర్లకు ఇచ్చిన నిబంధనల పత్రంలో ఆ వాక్యం లేదు! రాయనిది మేం పాటించలేమని అంపైర్లు పట్టుబట్టారు. లీగు అధ్యక్షునికి ఫోను చేస్తే దొరకలేదు. ప్రభుత్వ కాగితంలో ఒక గడి నింపలేదని ఆఫీసుల చుట్టూ తిరిగిన మన రైతులకు ఈ బాధ వేరే చెప్పాలా?

మధ్యలో ఒక హాస్యం కూడా జరిగింది. తన వంతు ముగించిన ఒక పటకెట్ బౌలరును ఇంటికి పొమ్మన్నారు. తెల్లవారుజామున ఇల్లు చేరాడు. ‘ఇంతవరకూ ఎక్కడికి పోయావు’ అని భార్య నిలదీసింది. ఆట ఇంకా జరుగుతోందన్నాడు. ఈ వేళప్పుడు ఆటేమిటని ఆమె నమ్మలేదు. పొద్దున పేపరు వచ్చాక చూడమన్నాడు. కానీ పేపరు అచ్చయ్యే వేళకు ఆట ముగియనే లేదు. కాబట్టి ఆ రోజు పేపరులో ఆ ఆట ఫలితం లేదు. పాపం, ఆయన సాక్ష్యం కోసం ఇంకో రోజు ఆగవలసి వచ్చింది. పేపరువాళ్ళ వల్ల కాపురంలో చిక్కులు రావడం మాకేం కొత్త కాదు.

32వ ఇన్నింగ్స్‌లో రాచెస్టర్ ఆటగాడొకడు చివరి మజిలీకి పరుగెత్తుకు వస్తుండగా, దూరం నుంచి బంతి విసిరి అవుట్ చేశారు. ఎట్టకేలకు లీగు అధ్యక్షుడు ఫోనులో దొరికారు. ఆ ఇన్నింగ్స్ అయ్యాక ఆపమన్నారు. అప్పుడు టైము తెల్లవారుజామున 4 గంటల 7 నిమిషాలు. ప్రేక్షకుల్లో మిగిలినవారు 19 మంది. ఆటగాళ్ళు ఇళ్ళకు పోతుంటే ఈస్టర్ ప్రార్థనలకు వెళ్ళేవారు ఎదురయ్యే వేళ అది. మిగిలిన ఆ 19 మందికి యజమాని సీజను మొత్తానికి ఉచిత పాసులు ఇచ్చారు.

పద్దెనిమిది నిమిషాల ముక్తాయింపు

మిగిలిన ఆటను రెండు నెలల తరువాత, 1981 జూన్ 23న, అదే మైదానంలో ఆడించారు. సరిగ్గా ఆ రోజుల్లో పెద్ద లీగు ఆటగాళ్ళు సమ్మెలో ఉన్నారు. దేశంలో బేస్‌బాల్ వార్త కోసం మొహం వాచి ఉన్న విలేకరులందరూ పటకెట్‌కు పరుగెత్తారు. స్టేడియం కిక్కిరిసింది. 5,746 మంది వచ్చారు. మొదటి రాత్రి చివరిదాకా ఉన్నది 19 మంది అని గుర్తుంచుకోవాలి.

అంతమంది వచ్చి కూర్చుంటే ఆట 18 నిమిషాల్లో అయిపోయింది. 33వ ఇన్నింగ్స్‌లో రాచెస్టర్‌కు పరుగు రాలేదు. పటకెట్ వంతు వచ్చింది. మార్టీ బారెట్‌కు బంతి తగిలి మొదటి మజిలీ దక్కింది. తరువాత ఇద్దరు కూడా మజిలీలు చేరారు. మూడు మజిలీలూ నిండిపోయాయి. అప్పుడు డేవ్ కోజా అనే ఆటగాడు ఎడమ వైపుకు కొట్టాడు. బారెట్ చివరి మజిలీ తొక్కాడు. పటకెట్ 3, రాచెస్టర్ 2. మొత్తం ఆడిన కాలం 8 గంటల 25 నిమిషాలు. వృత్తి బేస్‌బాల్ చరిత్రలో ఇంతకంటే పొడుగు ఆట లేదు.

ఆ ఆటలో ఆడిన వేడ్ బాగ్స్, రాచెస్టర్ వైపు ఆడిన కాల్ రిప్కెన్ ఇద్దరూ తరువాత దేశమంతా తెలిసిన ఆటగాళ్ళయ్యారు. రిప్కెన్ వరుసగా 2,632 ఆటలు ఒక్కటి కూడా మానకుండా ఆడి రికార్డు పెట్టాడు. గెలిపించిన కోజాకు మాత్రం పెద్ద లీగులో ఒక్క ఆట కూడా దక్కలేదు. నారుమడిలో అన్ని మొక్కలూ పొలానికి పోవు.

ఈ రికార్డు ఇక చెదరదు కూడా. 2018 నుంచి ఆ చిన్న లీగుల్లో పదో ఇన్నింగ్స్ మొదలు ప్రతిసారీ ఒక ఆటగాణ్ణి ముందే రెండో మజిలీలో నిలబెడుతున్నారు. పరుగు త్వరగా వచ్చి ఆట త్వరగా తెమలడానికి.

ఆట లేని రోజుల్లో

స్టేడియం ఒక్క జట్టుకే కాదు. రాష్ట్రస్థాయి హైస్కూలు బేస్‌బాల్ పోటీలు అక్కడ జరిగేవి. కచేరీలు పెట్టేవారు. 2006లో ప్రఖ్యాత గాయకుడు బాబ్ డిలన్ వచ్చి పాడాడు. పదేళ్ళ తర్వాత ఆయనకు నోబెల్ సాహిత్య బహుమతి వచ్చింది.

అన్నిటికంటే విచిత్రమైన ఉపయోగం 2020లో కలిగింది. కరోనా వల్ల ఆ ఏడాది చిన్న లీగులు మొత్తం రద్దయ్యాయి. వంటవాళ్ళు, పనివాళ్ళు ఖాళీ. మైదానం ఖాళీ. అప్పుడు నిర్వాహకులు పచ్చిక మీద దూరం దూరంగా బల్లలు వేసి, కుటుంబాలకు భోజనాలు వడ్డించడం మొదలుపెట్టారు. ఎప్పుడూ పైన కూర్చుని చూసినవారు ఆటగాళ్ళు నిలబడే గడ్డి మీద కూర్చుని తిన్నారు. చోట్లు ఇట్టే నిండిపోయేవి. ఆ తరువాత అదే ఆవరణలో కరోనా పరీక్షల కేంద్రం పెట్టారు. టికెట్టు కోసం నిలిచిన చోటే కార్లలో పరీక్ష కోసం వరుస కట్టారు.

జట్టు ఊరు విడిచింది

ఇంతకీ జట్టు ఎందుకు పోయింది? 2015లో శ్రీ మోండర్ కుటుంబం నుంచి జట్టును కొత్త యజమానులు కొన్నారు. పాత స్టేడియం పనికిరాదు, పక్కనున్న రాజధాని ప్రావిడెన్స్‌లో కొత్తది కావాలన్నారు. అందుకు ప్రభుత్వ సొమ్ము అడిగారు. ప్రజలు ససేమిరా అన్నారు. కారణం ఉంది. 2010లో ఒక మాజీ బేస్‌బాల్ ఆటగాడి వీడియో గేముల కంపెనీకి ఆ రాష్ట్రం ఏడున్నర కోట్ల డాలర్ల రుణానికి హామీ పడింది. 2012లో ఆ కంపెనీ దివాలా తీసింది. భారం పన్నులు కట్టేవారి మీద పడింది. ఒకసారి చేయి కాలినవారు మళ్ళీ పొయ్యి దగ్గరకు పోవడానికి జంకారు.

మెకాయ్ స్టేడియాన్నే బాగు చేయాలంటే 6 కోట్ల 80 లక్షల డాలర్లు కావాలని 2017లో ఒక నివేదిక తేల్చింది. దానికి బదులు స్లేటర్ మిల్లు దగ్గర 8 కోట్ల 30 లక్షలతో కొత్త స్టేడియం కట్టే ప్రణాళిక వేశారు. జట్టువారు నాలుగున్నర కోట్లు, రాష్ట్రం 2 కోట్ల 30 లక్షలు, పటకెట్ నగరం కోటిన్నర భరించాలి. శాసనసభలో ఒక సభ ఒకలా, మరో సభ మరోలా మార్చి మార్చి 2018 దాకా సాగదీశాయి. ఆ ఏడాది ఆగస్టులో జట్టువారు తాము మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌కు పోతున్నట్లు ప్రకటించారు. బ్లాక్‌స్టోన్ నది పుట్టేది వూస్టర్‌లో, దిగేది పటకెట్‌కు. జట్టు మాత్రం నదికి ఎదురెక్కింది. అక్కడి స్టేడియం ఖర్చు చివరకు సుమారు 16 కోట్ల డాలర్లకు చేరింది. అది చూసి పటకెట్‌లో కొందరు తప్పించుకున్నామన్నారు, కొందరు పోగొట్టుకున్నామన్నారు. ఈ విలేకరి అభిప్రాయంలో సభలు సాగదీసిన మూడేళ్ళే అసలు నష్టం. ఇవ్వమని మొదటే చెప్పినా ఊరికి గౌరవం ఉండేది.

2020 సీజను వీడ్కోలు సీజనుగా జరుపుకోవాలని జనం ఎదురుచూశారు. కరోనా ఆ ముచ్చట కూడా తీరనివ్వలేదు. 2019 సెప్టెంబరు 2న జరిగిన ఆటే ఆఖరిదయింది. ఆ రోజు వచ్చినవారు వచ్చే ఏడాది చూద్దాంలే అనుకుని ఇంటికి పోయారు.

ఇప్పుడు బడి

ఖాళీ స్టేడియాన్ని ఏం చేయాలి? గేట్లకు తాళాలు వేసినా కాపలా ఖర్చు తప్పదు. ఊళ్ళో టోల్మన్, షే అని రెండు హైస్కూళ్ళు ఉన్నాయి. రెండూ పాతబడిన భవనాలు. రెండిటినీ కలిపి ఒకే కొత్త హైస్కూలు కట్టాలని, అందుకు మెకాయ్ స్థలమే అనువైనదని నగరపాలకులు నిర్ణయించారు. 2022 నవంబరులో 33 కోట్ల డాలర్ల రుణ పత్రాలకు ప్రజల ఓటు కోరగా, జనం ఒప్పుకున్నారు. అందులో పెద్ద భాగాన్ని రాష్ట్రం తిరిగి చెల్లించే ఏర్పాటు ఉంది. స్టేడియం బాగుకు ఆరేడు కోట్లు వెనకాడినవారు బడికి 33 కోట్లు ఇచ్చారంటే లెక్క తెలియక కాదు.

కూల్చే ముందు కుర్చీలు, బోర్డుల వంటి సామగ్రిని వేలం వేశారు. 2025లో యంత్రాలు వచ్చి గ్యాలరీలను పడగొట్టాయి. చాలామంది కంచె బయట నిలబడి చూశారు. మడుగులో గుంజలు దించి నిలబెట్టిన కట్టడం కూలడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

అదే ఏడాది మే నెలలో పటకెట్‌లో నది ఒడ్డున మరొక స్టేడియం తెరిచారు. 10,500 మంది కూర్చోవచ్చు. అది ఫుట్‌బాల్‌కు. దానికిచ్చిన ప్రభుత్వ సొమ్ము మీద కూడా ఊళ్ళో వాదనలు గట్టిగానే జరిగాయి. అక్కడ లీగు ఆటలో 90 నిమిషాలు దాటి కాసేపటికి ఈల ఊదుతారు. స్కోరు సమంగా ఉంటే సమంగానే రాసుకుని అందరూ ఇళ్ళకు పోతారు.